వాండిల్‌లో ఉన్నది పాము కాదండీ

అందరికీ నమస్కారమండీ. పెద్దల పేర్లు చదవమని చీటీ ఇచ్చారు, ప్లేట్ల దగ్గరెక్కడో పెట్టేశా, ఏమనుకోకండి. మైక్ ఇచ్చింది పిల్లల క్విజ్ ప్రైజులు చదవడానికే, చదువుతా, ముందు ఒక్క మాట.

పొద్దున లండన్‌లోని ఈ మోర్డెన్ హాల్ పార్క్‌లోకి రాగానే మనవాళ్లెవరో "కాలవ పక్కన టెంట్ వద్దు, దోమలు" అన్నారు. కాలవ కాదండీ, వాండిల్ నది! ఉన్నది 14 కిలోమీటర్లే, క్రోయ్‌డన్, కార్షాల్టన్‌లలో పుట్టి వాండ్స్‌వర్త్ దగ్గర థేమ్స్‌లో కలుస్తుంది. నార్త్ డౌన్స్ గుట్టల మీద పడ్డ వాన సుద్దరాయిలోకి ఇంకి ఊటగా పైకొస్తుంది, అందుకే కార్షాల్టన్‌లో నీళ్లు అంత తేట, ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి. అడుగున గులకరాళ్లు, వాటి సందుల్లో ట్రౌట్ చేపలు గుడ్లు పెడతాయి, పైన కొమ్మ మీద లకుముకి పిట్ట కాచుక్కూర్చుంటుంది. ఇలాంటి సుద్దనేల నదులు ప్రపంచం మొత్తంలో చాలా తక్కువ, ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోనే. దీన్ని పట్టుకుని 1960ల్లో మురుక్కాలవ అని అఫీషియల్‌గా రాసేశారు. 2007లో ఒక మురుగునీటి ప్లాంట్ నుంచి బ్లీచ్ లాంటి కెమికల్ వదిలితే వేల చేపలు పోయాయి. అయినా తేరుకుంది.

సరే, క్విజ్... ఆగండాగండి, మా అత్తగారి సంగతి చెప్పలేదు.

ఆవిడది కైకలూరు దగ్గర పల్లె. పోయినేడు అక్టోబర్‌లో ఇదే ఒడ్డున నడుస్తుంటే నీళ్లలో నల్లగా ఏదో మెలికలు తిరిగింది, నేను పాము పామని వెనక్కి దూకా, ఆవిడ వంగి చూసి "పాము కాదు బాబూ, మలుగు" అన్నారు. అదేనండీ, ఈల్ అంటారే, పాములా ఉండే చేప. కొల్లేరు నీళ్లు తాగిన మనిషి కదా! పదేళ్లుగా ఇక్కడున్న నాకు తెలీలేదు.

ఈ మలుగు పుట్టేది అట్లాంటిక్ అవతల, సర్గాసో సముద్రంలో. వేల కిలోమీటర్లు కొట్టుకొచ్చి గాజుపోగులా థేమ్స్‌లో దిగి, అక్కణ్నుంచి వాండిల్ ఎక్కాలి. మనం హైదరాబాద్ నుంచి పది గంటలు కూర్చునొచ్చి నడుం పట్టేసిందంటాం. ఒకప్పుడు ఈ నది మీద 90కి పైగా మిల్లులు, అదిగో ఆ కనబడేవి ముక్కుపొడుం మిల్లులే. మిల్లులు ఆగాయి, అడ్డుకట్టలు చాలా మిగిలాయి. సముద్రం దాటొచ్చిన ప్రాణి నడుమెత్తు గోడ దగ్గర ఆగిపోతోందండీ! కొన్నిచోట్ల బ్రష్ కుచ్చుల పలకలు బిగించారు, వాటి మధ్య పాకి ఎక్కుతాయి, చెత్త అడ్డంపడితే అదీ బంద్. పోయిన నెల క్లీనప్‌లో సూపర్‌మార్కెట్ ట్రాలీ లాగాం, మనవాళ్లు ఇద్దరమే. బిర్యానీకి ఇంతమంది, నదికి ఇద్దరా?

వచ్చే ఆదివారం నది క్లీనప్‌కి రండి, బూట్లు, గ్లవ్స్ క్లీనప్ వాళ్లే ఇస్తారు. పేర్లు రాయమని ఒక కాగితం పంపించా చూడండి. ఇక ఫస్ట్ ప్రైజ్... అయ్యో, క్విజ్ లిస్టు ఆ కాగితం వెనకే ఉంది, కాస్త ఇటివ్వండి.