ఎరినీలు తల్లిని చంపినవాణ్ణే ఎందుకు తరిమారు?

గ్రీకు పురాణాల మీద ఏ వీడియో చూసినా, పగ తీర్చే దేవతలైన ఎరినీల గురించి ఒకటే పాట: తల నిండా పాములు, కళ్లలోంచి నెత్తురు, పాపం చేసినవాళ్లందరినీ వేటాడే రాక్షసులు. వింటే ఒళ్లు మండుతుంది. రూపం వరకు సరే. కానీ వీళ్లు అందరి వెంటా పడరు. వీళ్లకో లెక్క ఉంది.

ఒరెస్టీస్ కథనే చూడండి. ట్రాయ్ నగరాన్ని గెలిచి ఇంటికొచ్చిన రాజు అగమెమ్నాన్‌ను భార్య క్లైటెమ్నెస్ట్రా స్నానం చేస్తుండగా వస్త్రంలో చుట్టేసి పొడిచి చంపింది. ఎరినీలు ఆమె జోలికి పోలేదు. తర్వాత కొడుకు ఒరెస్టీస్, అపోలో దేవుడు చెప్పాడని, ఆ తల్లిని చంపాడు. వెంటనే వీళ్లు దిగిపోయారు! క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ఆడిన ఈస్కిలస్ నాటకంలో ఒరెస్టీస్ అడిగేదీ ఇదే: అమ్మ బతికుండగా ఆమెనెందుకు తరమలేదు? వాళ్ల జవాబు: ఆమె చంపినవాడు ఆమె రక్తం కాదు. మొగుడు పరాయివాడే, తల్లి మాత్రం సొంత రక్తం. నాకిది దారుణంగా అనిపిస్తుంది. అయినా ఇది పిచ్చి కోపం కాదు, చట్టం.

వాళ్ల పుట్టుకా అలాంటిదే. క్రోనస్ అనే దేవుడు కొడవలితో తండ్రి యురానస్‌ను, అంటే ఆకాశ దేవుణ్ణి, నరికినప్పుడు, నేల మీద పడ్డ నెత్తుటి బొట్లలోంచి పుట్టారని ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ చెబుతాడు. కన్నవాడి మీద కొడుకు చేసిన నేరమే వాళ్లకు పుట్టిల్లు.

మళ్లీ ఒరెస్టీస్ దగ్గరికొద్దాం, ఈ సీన్ నాకు ప్రాణం. డెల్ఫీలోని అపోలో గుడిలో వాడు శరణు కోరి కూర్చున్నాడు. చేతులకింకా నెత్తురు కారుతోంది. చుట్టూ కుర్చీల్లో ఎరినీలు, తరిమి తరిమి అలసిపోయి గురక పెడుతున్నారు. అప్పుడు క్లైటెమ్నెస్ట్రా ప్రేతం వస్తుంది. నిద్రపోతున్నారా అని కసురుతుంది, తన గాయాలు చూడమంటుంది. అర్ధరాత్రి మీకెన్ని నైవేద్యాలు పెట్టాను, అవన్నీ ఏమయ్యాయని నిలదీస్తుంది. చచ్చిపోయిన తల్లికి దిక్కు ఈ ఎరినీలే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ఏథెన్స్‌లో అరియోపాగస్ గుట్ట మీద ఆ ఊరి దేవత అథీనా విచారణ పెట్టింది. ఓట్లు సమానమయ్యాయి, అలాగైతే విడుదలే కాబట్టి ఒరెస్టీస్ బయటపడ్డాడు. ఎరినీలు మండిపడి, ఈ నేలను పంట పండకుండా చేస్తామన్నారు. అథీనా ఓపిగ్గా నచ్చజెప్పి, ఊళ్లోనే చోటిచ్చి, పూజలు జరిపిస్తానంది. వాళ్లూ ఒప్పుకొని ఊరిని దీవించారు.

ఇంకొక్క మాట. నెమెసిస్ అనే దేవతను వీళ్లతో కలపకండి, ఆవిడ వేరు. ఆవిడ పట్టేది హద్దు మీరిన గర్వాన్ని. ఆవిడ గుడి మారథాన్‌కు దగ్గర్లో, రామ్నస్ అనే చోట ఉండేది.