మాటల వరస మాట్లాడేవాళ్ళదే: డిక్లరేటివ్ పద్ధతిలో చాట్‌బాట్లు

అందరికీ నమస్కారం.

చాట్‌బాట్ల గురించి ఈరోజు ఒక్క సంగతి గట్టిగా చెప్పాలని వచ్చాను. సంభాషణలో ఏది ముందు రావాలి, ఏది తర్వాత రావాలి అన్నది బాట్ రాసే మనం నిర్ణయించకూడదు. దాంతో మాట్లాడేవాళ్ళు నిర్ణయించాలి. దీనికి కట్టుబడితే మనం కోడ్ రాసే తీరే మారిపోతుంది.

బస్సు టికెట్ బుక్ చేసే బాట్ రాయమన్నారనుకోండి. చాలామంది మొదట ఇలా రాస్తారు: ఎక్కే ఊరు అడుగు, జవాబు దాచుకో. దిగే ఊరు అడుగు, దాచుకో. తేదీ అడుగు, ఎన్ని సీట్లో అడుగు, బుక్ చెయ్యి. కోడ్ చిన్నగా ఉంటుంది, డెమోలో చక్కగా నడుస్తుంది. అప్పుడు ఒక ప్రయాణికురాలు వచ్చి, "ఎల్లుండి రాత్రికి హైదరాబాద్ వెళ్ళాలండీ, ఇద్దరం" అని టైప్ చేస్తారు. తేదీ, దిగే ఊరు, సీట్లు మూడూ ఒకే మాటలో చెప్పేశారు. ఎక్కే ఊరు మాత్రం చెప్పలేదు. మన ప్రోగ్రామ్ మొదటి ప్రశ్న దగ్గరే నిలబడి, "ఎల్లుండి రాత్రికి" అనే ఊరి కోసం వెతుకుతూ ఉంటుంది.

దీన్ని సరిచేయడానికి ఇఫ్‌ల మీద ఇఫ్‌లు, అంటే "ఇలా అయితే ఇది చెయ్యి" అన్న షరతులు, పెడతాం. నాలుగు సంగతుల్లో ఏవి తెలిశాయి, ఏవి తెలియలేదు అని లెక్క వేస్తే 16 స్థితులు. ఆరు సంగతులైతే 64. అవి ఏ వరసలో వచ్చాయన్నది కూడా చూడాలంటే నాలుగింటికి 24 వరసలు, ఆరింటికి 720. ఇంతలో ఆవిడ "కాదు కాదు, ఎల్లుండి కాదు, ఆవలెల్లుండి" అంటారు. లేదా మధ్యలో, "మూడేళ్ళ పాపకి టికెట్ తీసుకోవాలా?" అని అడుగుతారు. ఇవన్నీ మనుషులు రోజూ మాట్లాడే తీరే, ఇందులో వింతేమీ లేదు. ఒక్కో స్థితికి ఒక్కో దారి కోడ్‌లో వేసుకుంటూ పోతే ఆ పనికి అంతు ఉండదు.

రైల్వే రిజర్వేషన్ ఫారం గుర్తు తెచ్చుకోండి. దాన్ని పైనుంచి కిందికి నింపినా, కిందినుంచి పైకి నింపినా కౌంటర్లో మనిషికి పట్టదు. ఫారం చూస్తారు, ఏ గడి ఖాళీగా ఉందో దాని గురించి అడుగుతారు, అన్నీ నిండాక టికెట్ ఇస్తారు. డిక్లరేటివ్ పద్ధతిలో బాట్ రాయడమంటే ఆ ఫారం మనం రాసి, ఖాళీ గడి చూసి అడిగే పనిని లైబ్రరీకి, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌కు, వదిలెయ్యడం. ఏం కావాలో మనం చెబుతాం, ఎలా రాబట్టాలో ఆ లైబ్రరీలోని ఇంజిన్ చూసుకుంటుంది. డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో మీరు చేసేది ఇదే. పట్టికలో ఏ వివరాలు కావాలో అడుగుతారు తప్ప, డిస్కు మీద ఏ పేజీ ముందు తెరవాలో చెప్పరు. తర్కంతో ప్రోగ్రాములు రాయడం మీద పనిచేసిన రాబర్ట్ కొవాల్స్కీ 1979లో దీన్ని ఒక సమీకరణంగా రాశారు: అల్గారిథం, అంటే పని చేసే పద్ధతి, తర్కం, నియంత్రణ రెండూ కలిసినది. తర్కం ఏం కావాలో చెబుతుంది, నియంత్రణ దాన్ని ఎలా రాబట్టాలో చూస్తుంది. తర్కం మన చేతిలో ఉంచుకుని, నియంత్రణను వేరొకరికి అప్పగించవచ్చని ఆయన వాదన.

ఈ ఆలోచనకూ సంభాషణకూ చుట్టరికం చాలా పాతది. తర్కం మీద నడిచే ప్రోగ్రామింగ్ భాష ప్రోలాగ్ 1972లో ఫ్రాన్స్‌లోని మార్సేలో పుట్టింది. అలేన్ కోల్మెరావర్ బృందం దాన్ని తయారుచేసుకున్నది ఫ్రెంచ్‌లో మనిషితో మాట్లాడే ప్రోగ్రామ్ రాయడానికే. అంతకు ముందే, 1966లో, ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజాను ప్రచురించారు. ఎలైజా అనగానే అందరూ సైకియాట్రిస్టులా మాట్లాడే ప్రోగ్రామ్ అంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది దాని నిర్మాణం. ప్రోగ్రామ్ వేరు, స్క్రిప్టు వేరు. కీలక పదాలు, వాటిలో దేనికి ఎంత ప్రాధాన్యం, వాక్యాన్ని ఎలా విడగొట్టాలి, జవాబు ఎలా కూర్చాలి అన్న నియమాలన్నీ స్క్రిప్టులో ఉండేవి. అందువల్ల ప్రోగ్రామ్‌ను ముట్టుకోకుండా స్క్రిప్టు మారిస్తే భాషే మారిపోయేది. వెల్ష్, జర్మన్ భాషల్లో కూడా స్క్రిప్టులు ఉన్నాయని వైజెన్‌బామ్ ఆ వ్యాసంలోనే రాశారు. భాషను కోడ్‌లోంచి బయటకు తీసి డేటాగా పెట్టాలన్న తెలివి అప్పటికే ఉంది. తెలుగు బాట్లు రాసే మనకు అది ఇప్పటికీ మొదటి పాఠం.

ఇక ఫారం విషయం. 1977లో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రమైన పార్క్‌లో డేనియల్ బాబ్రో, రొనాల్డ్ కాప్లన్, మార్టిన్ కే, డొనాల్డ్ నార్మన్, హెన్రీ థాంప్సన్, టెర్రీ వినోగ్రాడ్ కలిసి గస్ అనే ప్రోగ్రామ్ గురించి రాశారు. కాలిఫోర్నియాలో ఒక ఊరికి విమానంలో వెళ్ళి రావడానికి సాయపడే ట్రావెల్ ఏజెంటు పాత్ర దానిది. ప్రయాణాన్ని ఒక ఫ్రేముగా, అంటే గడులున్న పట్టికగా రాశారు. ప్రతి గడికీ చిన్న ప్రొసీజర్లు తగిలించారు. గడి నిండగానే జరగాల్సింది ఒకటి, గడిని నింపాల్సి వచ్చినప్పుడు జరగాల్సింది ఒకటి. యాభై ఏళ్ళు కావస్తున్నా, ఈరోజు మనం స్లాట్ ఫిల్లింగ్, అంటే గడులు నింపడం, అంటున్నది దాదాపు ఇదే.

ఈ ఆలోచనను అందరికీ దొరికే ప్రమాణంగా మార్చింది వాయిస్‌ఎక్స్‌ఎంఎల్. 2000లో మొదటి రూపం వచ్చింది, 2004లో రెండో రూపాన్ని వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించింది. ఫోన్లో మాట్లాడే యంత్రాల కోసం చేశారు కాబట్టి దీన్ని చాలామంది మర్చిపోయారు. నా ఉద్దేశంలో చాట్‌బాట్ నేర్చుకునేవాళ్ళు ముందు చదవాల్సింది దీని లోపలున్న ఫారం ఇంటర్‌ప్రెటేషన్ అల్గారిథం. ఎంత సులువో చూడండి. ప్రతి గడికీ విలువ దాచుకునే ఒక వేరియబుల్ ఉంటుంది. ఇంజిన్ మొదట ఇంకా విలువ లేని గడుల్లో మొదటిదాన్ని ఎంచుకుంటుంది. తర్వాత దాని ప్రశ్న వినిపించి జవాబు తీసుకుంటుంది. ఆ జవాబుతో ఎన్ని గడులు నిండితే అన్నీ నింపి, నిండినప్పుడు చేయాల్సిన పనులు చేస్తుంది. మళ్ళీ మొదటికి వెళ్తుంది. ఖాళీ గడి లేనప్పుడు ఆగుతుంది.

ఇంతే ఉన్న ఇంజిన్‌తో మన ప్రయాణికురాలి మాటను నడిపించి చూడండి. "ఎల్లుండి రాత్రికి హైదరాబాద్, ఇద్దరం" అనగానే మూడు గడులు నిండాయి, మిగిలింది ఎక్కే ఊరు, అదొక్కటే అడుగుతుంది. "ఎల్లుండి కాదు" అంటే తేదీ గడిని ఖాళీ చేస్తే చాలు, అది మళ్ళీ అడగాల్సినవాటిలో చేరిపోతుంది. పాప టికెట్ గురించి అడిగినప్పుడు ఏ గడీ నిండలేదు కాబట్టి, జవాబు చెప్పాక ఇంజిన్ తిరిగి అదే ఖాళీ గడి దగ్గరికి వస్తుంది. "తిరిగి రా" అని మనం ఎక్కడా రాయలేదు. 720 వరసల్లో ఒక్కదాని గురించి కూడా మనం రాయలేదు. అన్నీ పనిచేస్తాయి.

ఇంకో మంచి ఏర్పాటు ఉంది. ఒకే గడికి మొదటిసారి అడిగే మాట వేరుగా, రెండోసారి అడిగే మాట వేరుగా పెట్టుకోవచ్చు. మొదట "ఎక్కడ ఎక్కుతారండీ?" అని, అర్థం కాకపోతే "మీరు బస్సు ఎక్కే ఊరి పేరు చెప్పండి, ఉదాహరణకు గుంటూరు" అని. కౌంటర్లో మంచి ఉద్యోగి చేసేది ఇదే. ఈ మాటలన్నీ పట్టికలో ఉంటాయి కాబట్టి, కోడ్ రానివాళ్ళు కూడా చదివి, "ఇలా అడిగితే ఎవరికీ అర్థం కాదు, ఇలా అడగండి" అని దిద్దవచ్చు. టికెట్లు కోసి కోసి అనుభవం ఉన్న మనిషి ఆ ఫైలు చదవగలగాలి. డిక్లరేటివ్ పద్ధతి మీద నాకున్న ఇష్టానికి అసలు కారణం ఇదే.

మనిషి మాటలోంచి విలువలు ఎవరు తీస్తారన్న ప్రశ్న మిగిలింది. తెలుగుకు అసలు కష్టం అక్కడే వస్తుంది. రిచర్డ్ వాలెస్ 1995లో మొదలుపెట్టిన ఆలిస్ బాట్ కోసం ఏఐఎంఎల్ అనే, బాట్ జవాబులు రాసే భాష పుట్టింది. నమూనా ఒకటి, దానికి జవాబు ఒకటి, అంతా ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే ట్యాగులతో రాసే తీరులో, ప్రకటనలే. ఆలిస్ 2000, 2001, 2004లలో మనిషిలా మాట్లాడే ప్రోగ్రాములకు ఇచ్చే లోబ్నర్ బహుమతి గెలుచుకుంది. అయితే ఏఐఎంఎల్ పోల్చేది మొత్తం పదాన్ని. నమూనాలో నక్షత్రం గుర్తు (*) పెడితే అది ఒకటో అంతకంటే ఎక్కువో పదాలకు బదులు నిలుస్తుంది, పదంలో ముక్కకు కాదు. ఇంగ్లిష్‌లో ఊరి పేరు విడిగా నిలబడుతుంది కాబట్టి సరిపోయింది. మనకు విజయవాడకు, విజయవాడకి, విజయవాడలో, విజయవాడనుంచి, విజయవాడదాకా అన్నీ వేరు వేరు పదాలు. "ఇద్దరం" అన్న మాటలో సీట్ల సంఖ్య ఉంది, కానీ అంకె ఎక్కడా లేదు. "అమ్మా నేనూ వెళ్ళాలి" అంటే రెండు సీట్లని మనకు తెలుసు. "రేపెళ్ళాలి" అని కలిపి రాస్తే రేపు ఎక్కడ విడిపోతుందో నియమం కావాలి. పైగా చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్ళు టైప్ చేస్తారు. వీటన్నిటికీ చేత్తో నమూనాలు రాసుకుంటూ పోతే మళ్ళీ ఇఫ్‌ల అడవిలోకే వెళ్తాం.

ఇక్కడే పెద్ద భాషా మోడళ్ళు నిజంగా అక్కరకొస్తాయి. వాటిని వాడే పద్ధతిలో కూడా డిక్లరేటివ్ దారి ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో బయటపెట్టిన డీఎస్‌పై అనే పైథాన్ లైబ్రరీ ఆ దారిలోదే. అందులో ప్రాంప్టును, అంటే మోడల్‌కు ఇచ్చే సూచనను, మీరు పేరాలు పేరాలుగా రాయరు. సిగ్నేచర్ అని ఒకటి ప్రకటిస్తారు. ఏం ఇస్తాం, ఏం కావాలి, అంతే. మన బస్సు బాట్‌కు అది ఇలా ఉండవచ్చు:

ఇప్పటిదాకా జరిగిన సంభాషణ, కొత్తగా వచ్చిన మాట, ఈరోజు తేదీ → ఎక్కే ఊరు, దిగే ఊరు, ప్రయాణ తేదీ, సీట్లు

బాణానికి ఎడమవైపు ఇచ్చేవి, కుడివైపు కావలసినవి. మోడల్‌కు వెళ్ళే అసలు ప్రాంప్టును లైబ్రరీ తయారుచేస్తుంది. మీరు కొన్ని ఉదాహరణలూ, జవాబు ఎంత సరైనదో కొలిచే ఒక ఫంక్షనూ ఇస్తే, ఆప్టిమైజర్ రకరకాల సూచనలు, ఉదాహరణలు మార్చి మార్చి ప్రయత్నించి ఎక్కువ మార్కులు తెచ్చుకున్నదాన్ని ఉంచుతుంది. రేపు మోడల్ మార్చినా సిగ్నేచర్ మారదు, ఆప్టిమైజర్‌ను మళ్ళీ నడిపితే సరిపోతుంది.

ఇక్కడ ఒక విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. మోడల్ పని మాటలోంచి గడులు నింపడం వరకే. తర్వాత ఏం అడగాలి, ఎప్పుడు బుక్ చెయ్యాలి అన్నది వాయిస్‌ఎక్స్‌ఎంఎల్ లాంటి చిన్న ఇంజిన్ చేతిలో ఉండాలి. డబ్బు కట్టే ముందు "ఇవీ వివరాలు, సరేనా?" అని అడిగి ఒప్పుకోలు తీసుకోవడం ప్రాంప్టులో ఒక విన్నపంగా ఉండకూడదు. అది ఫారంలో ఇంకో గడి. నిండనిదే బుకింగ్ జరగదు. ఎందుకంటే "శనివారం రాత్రి పన్నెండున్నర బస్సు" అన్న మాట చూడండి. అన్నవాళ్ళ మనసులో అది శనివారం రాత్రి. క్యాలెండర్లో అది ఆదివారం. ఎంత పెద్ద మోడలైనా దీన్ని ఊహించకూడదు, అడగాలి.

కొలిచే ఫంక్షన్ మీద కూడా అంతే శ్రద్ధ పెట్టండి. ప్రయాణికుడు తేదీ చెప్పనే లేదు, మోడల్ "రేపు" అని నింపేసింది. దీనికి సున్నా మార్కులు వెయ్యాలి, మిగతా మూడు గడులూ సరిగ్గా ఉన్నా సరే. ఖాళీగా ఉండాల్సిన గడిని ఖాళీగా ఉంచినందుకు మార్కులు ఇవ్వాలి. ఇది రాయకపోతే ఆప్టిమైజర్ ఊహించడాన్ని మెచ్చుకుంటూ పోతుంది.

ఈ పద్ధతిలో కష్టాలు లేవని నేను అనను. నియంత్రణ ఇంజిన్‌కు ఇచ్చాం కాబట్టి, తేడా వచ్చినప్పుడు ఏ లైన్ దగ్గర తప్పిందో కోడ్‌లో కనిపించదు. ఏఐఎంఎల్‌లో ఒక నమూనా ఇంకో నమూనాకు, అది మళ్ళీ మొదటిదానికి దారి తీస్తే బాట్ తిరుగుతూనే ఉంటుంది. వేల నియమాలున్నప్పుడు దాన్ని పట్టుకోవడం తలనొప్పి. అందుకే ఏ లైబ్రరీ వాడినా, అది తర్వాతి గడిని ఎలా ఎంచుకుంటుందో ముందు చదవండి. ప్రతి మాట తర్వాత ఫారం ఎలా ఉందో లాగ్‌లో రాయించండి. సంభాషణ మొత్తం చదవడం కంటే గడుల మార్పు చూస్తే తప్పు త్వరగా దొరుకుతుంది. కబుర్లు చెప్పే బాట్‌కు, కథలు చెప్పే బాట్‌కు ఫారం పనికి రాదు, అక్కడ బలవంతం చెయ్యకండి.

పనులు చేసిపెట్టే బాట్లు మాత్రం మన దగ్గర పెరుగుతూనే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్‌లో మన మిత్ర పేరుతో సేవలు మొదలుపెట్టింది. సర్టిఫికెట్లు, బిల్లులు, టికెట్లు అన్నీ లోపల ఫారాలే. ఆ ఫారాలను ఊళ్ళో ఉండే పెద్దవాళ్ళు తమకు తోచిన వరసలో, తమ యాసలో మాట్లాడి నింపగలిగే రోజు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. దానికి కావలసిన సరుకు మోడళ్ళు తయారుచేసే కంపెనీల దగ్గర లేదు. అది మీ ఇళ్ళలో ఉంది.

అందుకని మధ్యాహ్నం ల్యాబ్‌కు ముందు ఒక పని చెయ్యండి. ఇంటికి ఫోన్ చేసి, అమ్మనో తాతయ్యనో "బస్సు టికెట్ కావాలంటే ఎలా అడుగుతావు?" అని అడగండి. వాళ్ళు చెప్పింది దిద్దకుండా ఉన్నదున్నట్టు రాసుకోండి. శ్రీకాకుళం మాటైనా, కరీంనగర్ మాటైనా, అనంతపురం మాటైనా అలాగే ఉండనివ్వండి. ప్రతి వాక్యం పక్కన నాలుగు గడులు గీసి, చెప్పినవి నింపండి, చెప్పనివి ఖాళీగా వదిలెయ్యండి. ల్యాబ్‌లో ఆప్టిమైజర్‌కు వీటిలో సగం ఉదాహరణలుగా ఇద్దాం. మిగతా సగం పక్కన పెట్టి, బాట్‌ను పరీక్షించేది వాటితోనే.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.