టైటిల్స్‌లో ఒక పేరు పట్టుకోండి: ఇంట్లో చూడటానికి, చదవడానికి, వినడానికి ఎంచుకునే పద్ధతి

నమస్కారం. శనివారం రాత్రి భోజనాలయ్యాక అందరూ టీవీ ముందు చేరతారు. పోస్టర్లు పక్కకి జరుపుతూనే ఉంటాం. ఇది వద్దు, అది చూసేశాం, ఇంకోటి మరీ పెద్దది. అరగంట అలా పోతుంది. చివరికి తెలిసిన కామెడీ సీన్లు నాలుగు చూసి పడుకుంటాం. పుస్తకాల సంగతి, పాటల సంగతి కూడా ఇంతే.

దీనికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. సినిమా మొదట్లో టైటిల్స్ పడతాయి కదా, వాటిలో ఒక పేరు పట్టుకోవాలి. ఆ మనిషి ఇంకేం చేశారో వెతుక్కుంటూ వెళ్లాలి. అంతే. యాప్ మీకు చూపించేది ఎక్కువగా మీరు ఇప్పటికే చూసినవాటిలాంటివే. ఒక పేరు వెంట వెళ్తే మాత్రం సినిమా నుంచి పుస్తకానికి, పుస్తకం నుంచి పాటకి దారి దొరుకుతుంది.

ఒక సినిమా మీద చేసి చూపిస్తాను. మిస్సమ్మ. 1955లో వచ్చింది. విజయా ప్రొడక్షన్స్, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. దీన్నే ఎందుకు తీసుకున్నానంటే, ఇంట్లో అమ్మమ్మకీ తొమ్మిదో తరగతి పిల్లాడికీ ఇద్దరికీ నచ్చే కథ. ఉద్యోగం దొరకని ఇద్దరు చదువుకున్నవాళ్లు. భార్యాభర్తలైతేనే టీచర్లుగా తీసుకుంటామని ఒక స్కూలు ప్రకటన. సరేనని ఇద్దరూ దంపతులమని చెప్పి చేరిపోతారు. ఉద్యోగం కోసం పడే ఆ టెన్షన్ ఇప్పటి పిల్లలకి విడమరిచి చెప్పక్కర్లేదు. పాత సినిమా అనగానే మొహం తిప్పుకుంటే, ఈ సినిమా హీరోయిన్ సావిత్రి జీవితం మీద 2018లో వచ్చిన మహానటి ముందు చూపించండి. తర్వాత వాళ్లే అడుగుతారు.

పెట్టేముందు రెండు మాటలు. దాదాపు మూడు గంటల సినిమా ఇది, రెండు రాత్రులు చూడండి. మధ్యలో ఆపినందుకు ఏమీ పోదు. రెండోది, బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఆ రోజుల్లో సినిమా బొమ్మ ఇప్పటి టీవీ అంత వెడల్పుగా ఉండేది కాదు. మనుషుల మొహాలు లావుగా సాగినట్టు కనిపిస్తే టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పిక్చర్ సైజు 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్లగా ఖాళీ వస్తుంది, అదే సరైన బొమ్మ. తలలు తెగిపోయి ఉంటే మాత్రం ఆ ప్రింటే కత్తిరించింది, ఇంకో అప్‌లోడ్ వెతకండి.

ఇప్పుడు టైటిల్స్. స్కిప్ బటన్ నొక్కకండి. పేర్లు పడుతుండగా ఆపి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

[తెర మీద: టైటిల్స్ కార్డు దగ్గర ఆపిన దృశ్యం]

మొదటి పేరు చక్రపాణి. మాటలు ఆయనవే, నాగిరెడ్డిగారితో కలిసి నిర్మాత కూడా ఆయనే. ఈ కథకి మూలం మన్మయీ గర్ల్స్ స్కూల్ అనే బెంగాలీ నాటకం. చక్రపాణిగారికి బెంగాలీ బాగా వచ్చు. బెంగాలీ రచయిత శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చినవాళ్లలో ఆయనది పెద్ద పేరు. ఆయన అనువదించిన దేవదాసు చిన్న పుస్తకం, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. పుస్తకం చదవడం మానేసి చాలా కాలమైనవాళ్లకి ఇలాంటి సన్నటి పుస్తకమే మంచిది. ఐదు వందల పేజీల నవలతో మొదలుపెట్టొద్దని నేను గట్టిగా చెబుతాను. చదివాక 1953 నాటి దేవదాసు సినిమా చూడండి. పుస్తకంలో ఉన్నదేది, సినిమాలో వచ్చిందేది అని ఇంట్లో మాట వస్తుంది, ఆ మాటల్లోనే బోలెడంత ఆనందం ఉంది.

ఇదే చక్రపాణి, నాగిరెడ్డి కలిసి 1947 జులైలో పిల్లల పత్రిక చందమామ మొదలుపెట్టారు. పాత సంచికలు స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. బేతాళ కథకి శంకర్ వేసిన బొమ్మలు, అట్ట మీద వడ్డాది పాపయ్యగారి రంగులు ట్యాబ్‌లో పెద్దవి చేసి చూపించండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో తెలుగు నేర్చుకుంటున్న పిల్లలుంటే రోజుకో పేజీ మీరు చదివి వినిపించండి. వాక్యాలు చిన్నవి, భాష తేట.

ఆ తేట భాష వెనక ఇంకో పేరుంది. కొడవటిగంటి కుటుంబరావు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామ పని చూసింది ఆయనే. పెద్దవాళ్లు ఆయన నవల చదువు తీసుకోండి. సుందరం అనే కుర్రాడు పెరిగి పెద్దవాడవుతుంటే, చుట్టూ దేశం ఎలా మారుతోందో ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పారు. నాకు చాలా ఇష్టమైన నవల, అందుకే ఇక్కడ కాస్త ఆగాను. కొనేముందు మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడగండి. ఏ పుస్తకమైనా ఇరవై పేజీలు చదవండి. అప్పటికీ మనసు పట్టకపోతే పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి, తప్పేం లేదు.

రెండో పేరు సాలూరు రాజేశ్వరరావు. సంగీతం. రావోయి చందమామ అందరికీ తెలుసు. నేను చెప్పేది బృందావనమది అందరిది గురించి. ఇదే కథ 1957లో హిందీలో మిస్ మేరీగా వచ్చింది, సంగీతం హేమంత్ కుమార్. ఈ పాట వరస మాత్రం అక్కడా ఇదే. తెలుగు పాట, హిందీ పాట వెంటవెంటనే పెట్టి వినండి. వాయిద్యాలు ఎక్కడ మారాయి, గొంతు ఎక్కడ సాగింది, ఒక్కొక్కరూ ఒక్కొక్కటి పట్టుకుంటారు. సంగీతం తెలియదనేవాళ్లు కూడా పట్టుకుంటారు.

ఇదే సినిమాలో రాగసుధారస అనే త్యాగరాజ కీర్తన ఉంది, పి. లీల పాడారు. రాగం ఆందోళిక. కర్ణాటక సంగీతం వినాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అని చాలామంది అడుగుతారు. ఇక్కడ మొదలుపెట్టండి. సినిమాలో విన్నారు కాబట్టి వరస చెవిలో ఉంటుంది. ఇప్పుడు అదే కీర్తన కచేరీలో ఇద్దరు ముగ్గురు విద్వాంసులు పాడింది వెతికి వినండి. చాలాసార్లు మొదట రాగం ఆలపిస్తారు, కీర్తన తర్వాత వస్తుంది. తెలిసిన పల్లవి రాగానే మీకే ఉత్సాహం వస్తుంది. ఒక మాట, ఫోన్ స్పీకర్లో వినకండి. మృదంగం తొప్పి వైపు, అంటే గంభీరంగా మోగే వైపు, నాదం అందులో దాదాపు వినపడదు. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు.

ఇంకో పేరు చెప్పి వదిలేస్తాను. మార్కస్ బార్ట్‌లీ, ఛాయాగ్రహణం. మాయాబజార్ వెన్నెల ఆయనదే. 1965లో మలయాళంలో వచ్చిన చెమ్మీన్‌కీ కెమెరా ఆయనే, అది తకళి శివశంకర పిళ్లై నవల. సంగీతం సలిల్ చౌదరి. సబ్‌టైటిల్స్‌తో చూడొచ్చు.

చూశారు కదా, ఒక్క సినిమాలో మూడు పేర్లు పట్టుకుంటే నెల రోజులకి సరిపడా వచ్చింది. ఈ ఏడాది విడుదలైన సినిమాకైనా ఇదే చేయండి. మాటల రచయిత పేరో, పాట రాసినవాళ్ల పేరో, ఎడిటర్ పేరో పట్టుకోండి. హీరో పేరు మాత్రం వద్దు, అది మీకు ఎలాగూ తెలుసు.

శనివారం చూడాల్సింది గురువారమే తేల్చుకోండి. ఈ వారం నాన్న, వచ్చే వారం అమ్మాయి, ఆపై వారం నానమ్మ. వంతు ఎవరిదైతే వాళ్లే పేరు ఎంచుకోవాలి, ఎందుకో ఒక్క ముక్కలో చెప్పాలి, మిగతావాళ్లు మొదటి అరగంట ఫోన్ పక్కన పెట్టి చూడాలి. నానమ్మ వంతు దాటించకండి, ఇంట్లో అందరికన్నా ఎక్కువ సినిమాలు చూసింది ఆవిడే. మీరు పట్టుకున్న పేరు కింద రాయండి. వచ్చే వీడియోలో మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారి పేరు పట్టుకుని పాతాళ భైరవి నుంచి జగదేకవీరుని కథ దాకా వెళ్దాం.