మొహెంజొదారో స్నానవాటికలో నీరు ఎలా నిలిచింది?

[తెర మీద: పైనుంచి కనిపించే ఇటుకల తొట్టి, పక్కన కొలతల గీతలు]

సింధు నది దగ్గర, ఇప్పటి పాకిస్తాన్‌లోని సింధ్‌లో ఉంది సింధు నాగరికత నగరం మొహెంజొదారో. అక్కడి కోట దిబ్బ మీద 1925-26 తవ్వకాల్లో బయటపడిందీ తొట్టి. పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7, లోతు 2.4. అంచు దాకా నింపితే దాదాపు 2 లక్షల లీటర్లు. సిమెంటు లేని కాలంలో, నాలుగున్నర వేల ఏళ్ల కిందట, అంత నీటిని ఇటుకలతోనే ఆపారు.

[తెర మీద: గోడను నిలువుగా కోసినట్టున్న బొమ్మ; పొరలు ఒక్కొక్కటిగా రంగు మారతాయి]

కాల్చిన ఇటుకైనా నీరు పీలుస్తుంది. ఇటుకల మధ్య ఉత్త మట్టి పెడితే నానినకొద్దీ కరిగి కొట్టుకుపోతుంది. అందుకని తొట్టి అడుగున ఇటుకలను పరచకుండా అంచుల మీద నిలబెట్టారు, సందు కనబడనంత దగ్గరగా చేర్చి జిప్సం అడుసుతో బిగించారు. గోడలదీ అదే పద్ధతి. ఆ గోడ వెనక సుమారు అంగుళం మందాన సహజంగా దొరికే తారు పూశారు, దాని వెనక మళ్లీ ఇటుక గోడ కట్టారు. తారు నీటివైపు ఉంటే ఎండకు మెత్తబడుతుంది, కాళ్ల రాపిడికి ఊడుతుంది. దాన్ని రెండు గోడల మధ్య ఇరికించడంలోనే ఉంది ఆ మేస్త్రీల పనితనమంతా!

అడుగు నైరుతి మూలకు వాలుగా ఉంటుంది. అక్కడి తూములోంచి మురికినీరు పెద్ద కాలువలోకి పోతుంది. కాలువ కప్పుకు రెండు వైపులా ఒక్కో ఇటుకల వరుసను కాస్త ముందుకు జరుపుతూ పేర్చి, పైన కలిపేశారు.

[తెర మీద: ఉత్తర, దక్షిణ మెట్లు, తూర్పు గదిలో బావి]

చుట్టూ వసారా, గదులు, రెండు వైపులా మెట్లు చూసి ఇది ఏదో క్రతువుకు సంబంధించిన స్నానానికేనని చాలామంది పరిశోధకులు భావిస్తారు. సబబైన ఊహే. కానీ ఏ దేవుడి కోసమో చెప్పేవాళ్లను నమ్మకండి. సింధు నాగరికత లిపిని ఇంకా ఎవరూ చదవలేదు, గుడి అని రుజువైన కట్టడమూ అక్కడ లేదు. మన కోనేళ్లకు ఇదే మూలమనడానికీ ఆధారం చాలదు.

[తెర మీద: ఇంటి స్నానపు అరుగు నుంచి వీధి కాలువ దాకా బాణం గుర్తు]

రోజువారీ బతుకు తెలియాలంటే ఇళ్లలోకి వెళ్లాలి. చాలా ఇళ్లలో ఇటుకలు పరిచిన స్నానపు అరుగు ఉంది, దాని వాలు ఒక మూలకు. ఆ నీరు నేరుగా వీధిలోకి పోదు. ముందు గుంటలో పడుతుంది, మడ్డి అడుక్కి దిగుతుంది, పైనీరు మాత్రం వీధి కాలువలో కలుస్తుంది. ఈ గుంట లేకపోతే వీధి మొత్తం పూడుకుపోతుంది. కాలువ మీది మూత ఇటుకలకు అడుసు పెట్టలేదు, ఎత్తి శుభ్రం చేసుకోవాలి కాబట్టి. పొడవైన కాలువల్లో మధ్యమధ్య పూడిక తీసే గుంటలూ కట్టారు.

అదే నాగరికతకు చెందిన ఊరు, గుజరాత్‌లోని లోథల్‌లో ఇళ్లు పచ్చి ఇటుకలవే, కాలువలకు మాత్రం కాల్చిన ఇటుకే వాడారు. ఖర్చు ఎక్కడ పెట్టాలో వాళ్లకు బాగా తెలుసు. మొహెంజొదారో కాలువల పక్కన తవ్వినప్పుడు చిన్న చిన్న ఇసుక కుప్పలు చాలాచోట్ల దొరికాయి. అంటే పూడిక తీసేవాళ్లు, తీసింది మాత్రం ప్రతిసారీ ఎత్తిపోసేవాళ్లు కాదు.