మూడు పాయింట్ల పాట

అందరికీ నమస్కారం. మైకు చేతికిచ్చారు కదా అని భయపడకండి, నేను పాడను. ఓడిపోయిన పాటల గురించి మాట్లాడదామని వచ్చాను, అదీ యూరోవిజన్ పోటీలో పోర్చుగల్ ఓడిపోయిన పాటల గురించి.

యూరోవిజన్ సంగతి మీలో చాలామందికి తెలుసు. ఏటా ఒక్కో దేశం ఒక్కో పాటని పంపిస్తుంది, మిగతా దేశాలు పాయింట్లు వేస్తాయి, ఎవరి పాటకి వాళ్ళు వేసుకోడానికి లేదు. పోర్చుగల్ ఇందులోకి 1964లో వచ్చింది. అప్పుడు అక్కడ నియంత సలజార్ ఏలుబడి. ఆయన మనకి కొత్తవాడేం కాదు, గోవాని వదలనంటే వదలనని 1961లో మన సైన్యం వెళ్ళేదాకా భీష్మించుకు కూర్చున్న మనిషే. ఆ ఏడు పోటీ కోపెన్‌హాగెన్‌లో. మధ్యలో ఒకతను ఉన్నట్టుండి స్టేజీ ఎక్కేసి, స్పెయిన్ నియంత ఫ్రాంకోని, సలజార్‌ని బాయ్‌కాట్ చేయండని రాసిన బ్యానరు పట్టుకు నిలబడ్డాడు. పోర్చుగల్ తరఫున పాడిన అంతోనియో కల్వారియోకి వచ్చింది సున్నా. ఆ సున్నా పాటకా, సలజార్‌కా? అదే రాత్రి ఇంకో మూడు దేశాలకీ సున్నాలే వచ్చాయి కాబట్టి మొత్తం ఆయన నెత్తినే రుద్దలేం.

అసలు కథ 1974ది. ఏప్రిల్ 6న ఇంగ్లండులోని బ్రైటన్‌లో పోటీ. ఆ రాత్రి గెలిచింది స్వీడన్ నుంచి వచ్చిన ఆబా బృందం, తర్వాత వాళ్ళు ఎంత దూరం వెళ్ళారో చెప్పక్కర్లేదు. పోర్చుగల్ నుంచి పావ్లో దె కర్వాల్యో ‘ఇ దెపోయిష్ దు అదేవుష్’ అని ఒక పాట పాడాడు, అంటే ‘వీడ్కోలు తర్వాత’ అని, విడిపోయిన ప్రేమ గురించి. వచ్చినవి మూడు పాయింట్లు. మరో మూడు దేశాలతో కలిసి ఆఖరి స్థానం. బ్రైటన్ లెక్క ప్రకారం ఆ పాట అక్కడితో సరి.

పద్దెనిమిది రోజులు గడిచాయి. ఏప్రిల్ 24 రాత్రి 10:55కి పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఒక రేడియోలో ఇదే పాట వేశారు. విన్నవాళ్ళలో చాలామందికి అది మామూలు ప్రేమపాటే, కానీ బ్యారక్‌లలో రేడియోకి చెవులప్పగించి కూర్చున్న సైనికాధికారులకి అది తిరుగుబాటుకి సిద్ధంకండి అన్న సంకేతం. ఈ పాటే ఎందుకంటే, జనానికి బాగా తెలిసిన పాట, పైగా అందులో రాజకీయం ఇసుమంతైనా లేదు, సెన్సారు వాళ్ళకి అనుమానం రావడానికి ఏముంది? అర్ధరాత్రి దాటాక 12:20కి ఇంకో రేడియోలో ఝుజె అఫోన్సు పాడిన ‘గ్రాందొల’ రెండో సంకేతం, ఇక బయల్దేరండని. తెల్లారేసరికి ట్యాంకులు లిస్బన్ వీధుల్లో ఉన్నాయి, జనం సైనికుల తుపాకీ గొట్టాల్లో ఎర్రటి కార్నేషన్ పూలు గుచ్చారు, 48 ఏళ్ళ నియంతృత్వం ఒక్కరోజులో కూలిపోయింది. ఆబా పాట అంటే నాకూ ఇష్టమేనండీ, కానీ ఆ పాట వేసి ఎవరూ ఏ ప్రభుత్వాన్నీ దించలేదు కదా!

ఆ తర్వాత దశాబ్దాల పాటు చెప్పుకోదగ్గదేం జరగలేదు. 1996లో లూసియా మొనీష్‌కి ఆరో స్థానం వస్తే అదే గొప్ప. 2016లోనైతే అసలు పోటీకే వెళ్ళలేదు.

మరుసటి ఏడు పోటీ ఉక్రెయిన్‌లోని కీవ్‌లో, పోర్చుగల్ తరఫున సాల్వదోర్ సోబ్రాల్ వెళ్ళాడు. గుండె జబ్బుతో ఉన్నాడు, ఎక్కువ రోజులు అక్కడ ఉండలేడని మొదటి రిహార్సల్స్‌లో అతని బదులు అక్క లూయిజా పాడింది, పాట రాసిందీ ఆవిడే. మిగతావాళ్ళంతా లైట్లు, మంటలు, డాన్సులతో అదరగొడుతుంటే ఇతను కాస్త వదులు కోటు వేసుకుని ఒక్కడే నిలబడి, పోర్చుగీసులోనే, మెల్లగా పాడాడు. 758 పాయింట్లు! జ్యూరీలూ జనాలూ ఇద్దరి లెక్కలోనూ మొదటి స్థానమే. మొదటి పోటీ నుంచి ఈ గెలుపుకి 53 ఏళ్ళు పట్టింది.

గెలిచిన దేశం మరుసటి ఏడు పోటీ పెట్టడం ఆనవాయితీ కాబట్టి 2018లో యూరోవిజన్ లిస్బన్‌కి వచ్చింది. సొంత గడ్డ మీద పోర్చుగల్ ఎన్నోది వచ్చిందనుకుంటున్నారు? 26 మందిలో 26. మళ్ళీ ఆఖరు! అయితే ఆ రాత్రే, ఓట్లు లెక్కపెడుతుండగా సాల్వదోర్ స్టేజీ మీదికి వచ్చాడు. అయిదు నెలల కిందటే, 2017 డిసెంబరులో, అతనికి గుండె మార్చారు. బ్రెజిల్ గాయకుడు కయెతాను వెలోజుతో కలిసి అదే పాట, కొత్త గుండెతో పాడాడు.