ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్: దేశం సంగతి తర్వాత, ముందు రెండు క్యాలెండర్లు తియ్యండి

నమస్కారం. ఇంటర్ అయిపోయి బీబీఏ వైపు చూస్తున్నవాళ్ల కోసం, ఆ ఫీజు కట్టబోయే అమ్మానాన్నల కోసం ఈ వీడియో. "బిజినెస్‌తో పాటు ఇంటర్నేషనల్ స్టడీస్ కూడా ఉంటుందండీ, ఒక సెమిస్టర్ ఫారిన్‌లో" అని అడ్మిషన్ల కౌంటర్‌లో చెప్పగానే మన కళ్లు నేరుగా దేశాల జాబితా మీదకి పోతాయి. ఆ జాబితా కాసేపు పక్కన పెట్టండి. ముందు రెండు క్యాలెండర్లు తీసుకురండి: ఒకటి మీ కాలేజీది, ఇంకొకటి అక్కడి యూనివర్సిటీది.

జర్మనీనే తీసుకుందాం. అక్కడ చాలా యూనివర్సిటీల్లో వింటర్ సెమిస్టర్ అంటే అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా. క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతాయి. ఆ చివర్లో పరీక్షలు. మన దగ్గర ఐదో సెమిస్టర్ జూలైలోనో ఆగస్టులోనో మొదలై డిసెంబర్‌కల్లా ముగుస్తుంది, జనవరిలో ఆరోది మొదలైపోతుంది. ఐదో సెమిస్టర్ చదవడానికి అక్కడికెళ్లిన పిల్ల ఫిబ్రవరిలో ఆ పరీక్షలు రాస్తుంటే, ఇక్కడ ఆరో సెమిస్టర్ సగానికి దగ్గరపడుతుంది. అటెండెన్స్ పోతుంది, మొదటి ఇంటర్నల్ పోతుంది. ఇంత జరిగేది ఎవరి నిర్లక్ష్యం వల్లా కాదు, రెండు క్యాలెండర్లను ఒక బల్ల మీద పెట్టి చూసినవాళ్లు లేకపోవడం వల్ల.

ఈ చిక్కు అన్ని చోట్లా ఉండదు. జర్మనీలోనే మాన్‌హైమ్ యూనివర్సిటీ తన క్యాలెండర్ మార్చుకుంది. అక్కడ క్లాసులు సెప్టెంబర్‌లో మొదలై డిసెంబర్‌లో అయిపోతాయి. ఫ్రాన్స్ బిజినెస్ స్కూళ్లలో చాలావాటిదీ ఇదే లెక్క. దక్షిణ కొరియా, సింగపూర్ కూడా డిసెంబర్‌లో వదిలేస్తాయి. ఆస్ట్రేలియా రెండో సెమిస్టర్ జూలై నుంచి నవంబర్ దాకా, అంటే మనకి అచ్చంగా సరిపోతుంది. జపాన్‌లో మాత్రం రెండో భాగం జనవరి చివరో ఫిబ్రవరో దాటిస్తుంది. దేశం ఎంచుకునే ముందు ఈ ఒక్క వడపోత వేస్తే చాలు, జాబితాలో చాలా పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

ఇప్పుడు డిగ్రీ సంగతి. బిజినెస్, ఇంటర్నేషనల్ స్టడీస్ కలయిక సరిగ్గా ఉంటే మూడు పాళ్లు కనిపించాలి. అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, స్టాటిస్టిక్స్ ఒక పాలు. ఒక ప్రాంతపు రాజకీయాలు, చరిత్ర, వాణిజ్య నిబంధనలు రెండో పాలు. ఒక విదేశీ భాష మూడోది. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ల హంట్స్‌మన్ ప్రోగ్రామ్ దీనికి బాగా తెలిసిన నమూనా. వాళ్ల బిజినెస్ స్కూల్ వార్టన్ నుంచి ఎకనామిక్స్‌లో బీఎస్, ఆర్ట్స్ కాలేజీ నుంచి ఇంటర్నేషనల్ స్టడీస్‌లో బీఏ, రెండూ వస్తాయి. ఎంచుకున్న భాషలో పట్టు సాధించాలి, విదేశంలో చదివి రావాలి. మరో తరహా వరల్డ్ బ్యాచిలర్ ఇన్ బిజినెస్. మొదటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో, రెండోది హాంకాంగ్‌లో, మూడోది ఇటలీలో, మిలాన్‌లోని బొక్కోనీ యూనివర్సిటీలో. మీ కోర్సు ఇంత పెద్దది కానక్కర్లేదు. కానీ పేరులో ఇంటర్నేషనల్ అని ఉండి, సిలబస్‌లో భాష అన్న మాటే లేకుండా ఒక ఎగుమతి-దిగుమతి పత్రాల పేపరుతో సరిపెట్టేస్తే, అది మామూలు బీబీఏనే. ఎక్కువ ఫీజు ఎందుకు కట్టాలో వాళ్లనే అడగండి.

మాటల తేడా కూడా తెలియాలి. యూజీసీ 2022లో విదేశీ యూనివర్సిటీలతో కలిసి నడిపే కోర్సులకి నిబంధనలు తెచ్చింది. ట్విన్నింగ్ అయితే విదేశంలో సంపాదించే క్రెడిట్లు, అంటే చదివినదానికి లెక్కగట్టే పాయింట్లు, 30 శాతానికి మించకూడదు, డిగ్రీ ఇచ్చేది మన సంస్థే. జాయింట్ డిగ్రీ అయితే ఒక్కో చోట కనీసం 30 శాతం చదవాలి. డ్యూయల్ అయితే రెండు సంస్థలూ విడివిడిగా డిగ్రీ ఇస్తాయి, ఇక్కడ కనీసం 30 శాతం క్రెడిట్లు ఉండాలి. ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకి ఇవి వర్తించవు. ఎక్స్‌ఛేంజ్ వీటన్నిటికంటే చిన్నది. ఒక సెమిస్టర్ వెళ్లి, చదివి, క్రెడిట్లు మోసుకుని రావడం, అంతే. "రెండు డిగ్రీలు వస్తాయండీ" అని ఎవరైనా నోటితో చెబితే, ఒప్పందంలో ఈ మూడు మాటల్లో ఏది రాసుందో చూపించమనండి.

క్రెడిట్ల దగ్గర కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే.

మన దగ్గర మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్లదానికి 160. అంటే సెమిస్టర్‌కి 20. యూరప్ దేశాల ఉమ్మడి క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్ లెక్కన ఏడాదికి 60, సెమిస్టర్‌కి 30. "సెమిస్టర్‌కి సెమిస్టర్" అనుకుంటే అక్కడి 30 ఇక్కడి 20కి సమానం, అంటే మన ఒక క్రెడిట్ వాళ్ల ఒకటిన్నర. ఈ లెక్కన వాళ్ల 6 క్రెడిట్ల సబ్జెక్టు మన 4 క్రెడిట్ల పేపరుకి చక్కగా సరిపోతుంది. కానీ అక్కడ చాలా సబ్జెక్టులు 5 క్రెడిట్లవి ఉంటాయి. 5ని ఒకటిన్నరతో భాగిస్తే 3.33. మీ పేపరుకి 4 కావాలి. ఎగ్జామినేషన్ సెక్షన్‌లో కూర్చున్నాయన 3.33ని 4గా ఎందుకు రాస్తాడు? రాయడు. అలాంటివి ఆరు చేస్తే మొత్తం 30, అంటే మన 20 వచ్చేస్తాయి. కానీ పేపరుకి పేపరు కలిపి చూస్తే ఒక్కటీ కలవదు.

గంటల లెక్క తీస్తే ఇంకోలా ఉంటుంది. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఈసీటీఎస్ ఒక క్రెడిట్ 25 నుంచి 30 గంటలు. అంటే వాళ్ల 5 క్రెడిట్లు 125 నుంచి 150 గంటలు, మన నాలుగుకి పైమాటే! ఒకే సబ్జెక్టు, ఒక పద్ధతిలో తక్కువ, ఇంకో పద్ధతిలో ఎక్కువ. మీ యూనివర్సిటీ ఏ పద్ధతి వాడుతుందో వెళ్లకముందే రాతపూర్వకంగా తీసుకోండి. వీలైతే పేపరుకి పేపరు అని కాకుండా, సెమిస్టర్ మొత్తాన్ని ఒక గంపగుత్తగా ఆమోదించమని అడగండి. చాలా తలనొప్పులు అక్కడితో పోతాయి.

దీన్నంతా రాసుకునే కాగితమే లెర్నింగ్ అగ్రిమెంట్. దాని మీద మూడు సంతకాలు: మీది, మీ కాలేజీది, అక్కడి యూనివర్సిటీది. అందులో మీకు ఐదు సబ్జెక్టులు అవసరమైతే ఎనిమిదికి ముందే ఆమోదం తీసుకోండి. అక్కడికి చేరాక ఒకటి నిండిపోయి ఉంటుంది, ఒకటి వేరేదాంతో టైంటేబుల్‌లో ఢీకొంటుంది, ఇంకోటి ఇంగ్లిష్‌లో ఉందనుకుంటే ఆ సెమిస్టర్‌లో జర్మన్‌లో చెబుతున్నారని తేలుతుంది. మొదటి వారాల్లోనే మార్పులు చేసుకుని, మళ్లీ మూడు సంతకాలూ పెట్టించండి. "సార్‌కి వాట్సాప్‌లో చెప్పాను, సరేనన్నారు" అనేది కాగితం కాదు. ఏడాది తిరిగేసరికి ఆ సార్ వేరే డిపార్ట్‌మెంట్‌కి వెళ్లిపోవచ్చు.

మార్కులు. ఫ్రాన్స్‌లో 20కి వేస్తారు, 10 వస్తే పాస్. 14 అంటే మంచి మార్కు, 16 అంటే చాలా మంచి మార్కు. మన కళ్లకి 12 బై 20 అంటే 60 శాతం, "ఏంట్రా ఇంతేనా" అనిపిస్తుంది. మీ యూనివర్సిటీ కూడా అలాగే 60 శాతంగా ఎక్కిస్తే సీజీపీఏ జారిపోతుంది. జర్మనీలో తలకిందులు: 1.0 అందరికన్నా పైన, 4.0 పాస్, 5.0 ఫెయిల్. మన మార్కుల్ని వాళ్లు మార్చుకునేందుకు బవేరియన్ ఫార్ములా అని ఒకటుంది. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ మధ్య తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. మీ సీజీపీఏ 8, గరిష్ఠం 10, పాస్ 4 అయితే 2.0 వస్తుంది. అదే పాస్ మార్కు 5 అని ఉంటే 2.2. మీరు చదివింది అంతే, మారింది మెమో వెనక అచ్చేసిన పాస్ గీత. అందుకే ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు గ్రేడింగ్ స్కేలు కూడా పంపండి. అటు నుంచి ఇటు వచ్చే మార్కుల గురించి మీ కాలేజీని అడగాల్సింది ఒకే ప్రశ్న: అక్కడి మార్కులు సీజీపీఏలో కలుస్తాయా, లేక పాస్ అని మాత్రం ఎక్కుతాయా? పాస్ అని మాత్రమే అయితే కష్టమైన సబ్జెక్టు ధైర్యంగా తీసుకోవచ్చు.

భాషకి వద్దాం. జర్మన్‌లో అసలేమీ రాని స్థితి నుంచి బీ1 దాకా, అంటే రోజువారీ పనులు సొంతంగా నెట్టుకొచ్చే మధ్యస్థాయి దాకా, రావడానికి గోథె ఇన్‌స్టిట్యూట్ చెప్పే లెక్క 350 నుంచి 650 పాఠాలు, ఒక్కోటి 45 నిమిషాలు. అందులో తక్కువవైపు 400 అనుకున్నా 300 గంటలు. వారానికి 5 గంటలైతే 60 వారాలు. ఐదో సెమిస్టర్‌లో వెళ్లాలంటే మొదటి సెమిస్టర్‌లోనే అక్షరాలు దిద్దాలన్నమాట. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి జర్మన్‌కి గోథె సెంటర్, ఫ్రెంచ్‌కి అలయన్స్ ఫ్రాన్సేజ్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉన్నాయి. క్లాసులు ఇంగ్లిష్‌లోనే కదా అంటారు. నిజమే, కానీ అద్దె ఒప్పందం ఇంగ్లిష్‌లో ఉండదు. మధ్యలో ఒక మాట: జపనీస్ అంటే భయపడేవాళ్లు ఉంటారు గానీ, వాక్యం వరుసలో అది మనకి చుట్టమే. క్రియ చివర్లో వస్తుంది, విభక్తి లాంటి ముక్క పదం వెనక అతుక్కుంటుంది. తిప్పలల్లా చైనా నుంచి వచ్చిన కంజి లిపితోనే.

తర్వాత పేరు. ఇది తెలుగువాళ్ల ప్రత్యేక బాధ. టెన్త్ మెమోలో ఇంటిపేరు, సొంతపేరు ఒకే వరుసలో ఉంటాయి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఒక చోట, గివెన్ నేమ్ గడి ఇంకో చోట, కొందరికైతే సర్‌నేమ్ గడి ఖాళీ. మీ కాలేజీ మిమ్మల్ని అక్కడికి ప్రతిపాదించే నామినేషన్ ఫారంలో ఒకలా, అడ్మిషన్ లెటర్‌లో ఇంకోలా పడితే వీసా దగ్గర ఆగిపోతుంది. మొదటి ఫారం నుంచి పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయండి.

డబ్బు. నిజమైన ఎక్స్‌ఛేంజ్‌లో ఫీజు ఇక్కడ కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. ఇటు నుంచి ఒకరు వెళితే అటు నుంచి ఒకరు రావాలి, సీట్లు తక్కువగా ఉండేది అందుకే. "స్టడీ అబ్రాడ్" అని రాసుంటే మాత్రం అక్కడి ఫీజు కూడా మీరే కట్టాలి, చేరేముందే ఏదో తేల్చుకోండి. ఖర్చులకి చూపించాల్సిన సొమ్ము వేరే. జర్మనీ బ్లాక్డ్ అకౌంట్‌కి (ముందే మొత్తం వేసి, నెలకింత చొప్పున మాత్రమే తీసుకోగలిగే ఖాతా) 2024 సెప్టెంబర్ నుంచి నెలకి 992 యూరోలు, ఏడాదికి 11,904. ఫ్రాన్స్‌కి నెలకి 615. ఫ్రాన్స్ వెళ్లేవాళ్లు వీసాకి ముందు, ఆ దేశ ప్రభుత్వ విద్యార్థి సంస్థ క్యాంపస్ ఫ్రాన్స్ ప్రక్రియ పూర్తి చేయాలి. వీఎల్ఎస్-టీఎస్ అనే దీర్ఘకాల వీసా వస్తే దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేయాలి, మరిచిపోతే ఆ దేశంలో ఉండే హక్కే చిక్కులో పడుతుంది. జర్మనీలో ఇంటి డిపాజిట్ చట్టప్రకారం మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు, ఆ డబ్బు బయల్దేరేటప్పుడే చేతిలో ఉండాలి.

చివరిగా తిరిగొచ్చే వారం. అక్కడ ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ కూడా చాలాసార్లు అక్కడే, వాళ్ల తేదీల్లోనే రాయాలి. విమానం టికెట్ కొనేముందు ఆ తేదీ చూసుకోండి. అక్కడి మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ రావడానికి వారాలు పడుతుంది, ప్లేస్‌మెంట్ సీజన్ మాత్రం ఆగదు. కాబట్టి వెళ్లేముందే డిపార్ట్‌మెంట్ నుంచి "ఎక్స్‌ఛేంజ్‌లో ఉన్నారు, ఫలితాలు రావాల్సి ఉంది" అని ఒక లెటర్ తెచ్చుకోండి. అక్కడి స్టూడెంట్ పోర్టల్ లాగిన్ మూసేసే లోపు ప్రతి సబ్జెక్టు సిలబస్, గంటలు, గ్రేడింగ్ పద్ధతి ఉన్న పీడీఎఫ్ దించుకోండి. రేపు మాస్టర్స్‌కి అప్లై చేసినప్పుడు ఆ యూనివర్సిటీ అడిగేది అవే, అప్పుడు మీ దగ్గర పాస్‌వర్డ్ ఉండదు.