పిల్లలచేత చెప్పించడం మనకెవరు నేర్పుతారు?

చెన్నైలో తెలుగు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

పెద్దలకూ, తోటి టీచర్లకూ, వెనక వరుసల్లో కూర్చున్న బీఈడీ విద్యార్థులకూ నమస్కారం.

పిల్లలు కలిసి నేర్చుకోవడం గురించీ, దానికి టీచర్లను తయారుచేయడం గురించీ పరిశోధనలు ఏమంటున్నాయో చెప్పమన్నారు. ఈ విషయం ఎవరు ఎత్తుకున్నా రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీతోనో అమెరికా యూనివర్సిటీలతోనో మొదలుపెడతారు. వాళ్ళ దగ్గరికీ వెళ్దాం గానీ, ముందు మన ఎగ్మూరుకు వెళ్ళివద్దాం.

1789లో ఎగ్మూరులో సైనికుల పిల్లల కోసం ఒక అనాథ బాలుర పాఠశాల ఉండేది. దాని బాధ్యత ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు పాదిరి తీసుకున్నాడు. ఒకరోజు ఆయన ఒక వీధిబడి పక్కగా వెళ్తూ, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. మన బడిలోనూ ఇలాగే చేయిద్దామంటే కింది పంతుళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడికి ఆ పని అప్పజెప్పాడు. వాడు చిన్నపిల్లలను కూర్చోబెట్టుకుని ఇసుకలో అక్షరాలు నేర్పేశాడు. బెల్ తన దేశం వెళ్ళాక 1797లో ఈ ప్రయోగం గురించి పుస్తకం అచ్చువేశాడు. లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇలాంటి పద్ధతే నడిపాడు. చూస్తుండగానే ఇంగ్లండులో వేల బళ్ళకు అది పాకింది. దాని పేరే మద్రాస్ పద్ధతి. సెంట్ ఆండ్రూస్ ఊళ్ళో బెల్ ఇచ్చిన సొమ్ముతో వెలసిన బడిని ఇవాళ్టికీ మద్రాస్ కాలేజీ అనే పిలుస్తున్నారు.

మన వీధిబళ్ళకు ఇదేమీ కొత్త కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రెసిడెన్సీ అంతా ఎన్ని బళ్ళున్నాయో లెక్క తీయమన్నాడు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో తన నివేదిక పంపాడు. ఆ జిల్లాలో 533 బళ్ళు ఉన్నాయని, వాటిలో 226 తెలుగువని రాశాడు. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతిని ఆయన చాలా మెచ్చుకున్నాడు. ఎందుకు మెచ్చుకున్నాడో గమనించండి. ఒకటి, ఖర్చు తక్కువ. రెండోది, చెప్పే పిల్లవాడికి తనకొచ్చింది మరింత గట్టిపడుతుంది. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సబబేనని కూడా అన్నాడు.

నా ఉద్దేశంలో ఇంగ్లండు వాళ్ళు మొదటిది పట్టుకుని రెండోది వదిలేశారు. ఒక్క మాస్టారు, వందలమంది పిల్లలు, మధ్యలో మానిటర్లనే పెద్దపిల్లలు. మానిటర్ ఒక మాట అంటాడు, వరుసంతా వల్లిస్తుంది. ఎందుకు అని అడిగే చోటు ఎక్కడుంది? ఇదంతా పాతకథ అనుకోకండి. మనం గ్రూప్ వర్క్ అని చేయిస్తున్నదానికీ ఇదే గతి పడుతోంది. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టడం మనకు వచ్చింది. వాళ్ళచేత చెప్పించడం ఇంకా రాలేదు.

ఇంగ్లండులోనే మారిస్ గాల్టన్ అనే విద్యా పరిశోధకుడు, ఆయన తోటివారు 1970ల చివర్లో ప్రైమరీ తరగతుల్లో కూర్చుని పిల్లలు ఏం చేస్తున్నారో జాగ్రత్తగా రాసుకున్నారు. 1980లో ఆ ఫలితాలు వచ్చాయి. పిల్లలు కూర్చోవడం గుంపుగానే కూర్చుంటున్నారు, పని మాత్రం ఎవరిది వారే చేసుకుంటున్నారు. ఒక బల్ల చుట్టూ నలుగురుంటే నాలుగు నోట్‌బుక్కులు, నాలుగు వేరువేరు పనులు. మన చెన్నైలో ఏ బడికైనా వెళ్ళి ఓ పూట చూడండి, మీకు కనబడేదీ అదే.

మరి గుంపులో నేర్చుకునేదెవరు? ఈ ప్రశ్నను నోరీన్ వెబ్ అనే అమెరికన్ పరిశోధకురాలు చాలా ఏళ్ళు పట్టుకుని కూర్చుంది. లెక్కలు చేసే పిల్లల గుంపుల్లో మాటలన్నీ రికార్డు చేసింది. ఎవరు ఎవరికి ఏం చెప్పారో, ఆ తర్వాత పరీక్షలో ఎవరికెంత వచ్చిందో పోల్చి చూసింది. పక్కవారికి వివరంగా, ఇలా ఎందుకు అవుతుందో చెప్పిన పిల్లలు బాగా నేర్చుకున్నారు. అడిగితే ‘జవాబు పదిహేను, రాసుకో’ అన్న మాట మాత్రమే అందినవాళ్ళకు ఆ మాట వల్ల ఏమీ ఒరగలేదు. క్యాంప్‌బెల్ కలెక్టరు బళ్ళారిలో గమనించినదే ఇక్కడ టేపుల మీద రుజువైంది.

దీన్ని నేను కళ్ళారా చూసిన చోటు చెబుతాను. ఉత్తర చెన్నైలో ఒక బడి, నాలుగో తరగతి తెలుగు సెక్షన్. టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చిన బీఈడీ అమ్మాయి పాఠం చెబుతోంది, నేను వెనక బెంచీలో ఉన్నాను. నా ముందు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరిదీ ఇంట్లో తెలుగే, వీధిలో తమిళం. అబ్బాయి ‘నేను రోజూ పడికి వెళ్తాను’ అని రాశాడు. ఈ తప్పు ఇక్కడ తెలుగు చెప్పేవాళ్ళందరికీ తెలిసిందే. ప-బ, త-ద, క-గ తేడా తమిళ లిపిలో లేదు గనక పిల్లలకు చెవిలో ఉన్నా చేతిలోకి రాదు. నోట్‌బుక్కులో అంతకుముందు ఎర్రసిరాతో దిద్దిన గుర్తులూ ఉన్నాయి, పదిసార్లు రాయించిన ఇంపోజిషనూ ఉంది.

పక్కనున్న అమ్మాయి అడిగింది: “నువ్వు రోజూ పడికి వెళ్తావా, బడికి వెళ్తావా?”

“బడికే.”

“మరి పడి అని రాశావే? పడి అంటే కింద పడీ...” అని బెంచీ మీదనుంచి పడిపోతున్నట్టు నటించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. వాడు దిద్దుకుని, తనంతట తానే రెండు వాక్యాల కింద ఉన్న ‘పస్సు’ను కూడా ‘బస్సు’ చేశాడు. అక్కడితో ఆగి ఉంటే నేను మీకు చెప్పేదాన్ని కాదు. వాడు తల ఎత్తి అడిగాడు: “తమిళ్‌లో పళ్ళికీ బస్సుకీ ఒకే అక్షరం రాస్తాం కదా, మరి అక్కడెట్లా తెలుస్తుంది?”

తమిళంలో పళ్ళి అంటే బడి. ఆ పిల్ల ఆగిపోయింది. పెన్సిలు నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. “అక్కడ మాట మనకు తెలిసుండాలి. ఇక్కడ మాట తెలీకపోయినా అక్షరమే చెప్పేస్తుంది” అంది.

రెండు లిపుల మధ్య తేడాను ఇంత సూటిగా చెప్పిన టీచర్లు నాకు ఎక్కువమంది తగల్లేదు. ఆ పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాడు అడిగేదాకా తనకూ తెలీదు. చెప్పవలసి వచ్చింది కాబట్టి తెలుసుకుంది.

అంతసేపూ ఆ ట్రైనీ అమ్మాయి రెండడుగుల దూరంలో నిలబడి వింటూ ఉంది, మధ్యలో నోరు తెరవలేదు. టీచింగ్‌లో అంతకన్నా కష్టమైన పని లేదని నేను నమ్ముతాను. అయితే ఆ రోజు ఆమె పాఠానికి మార్కులు వేసే అబ్జర్వేషన్ ఫారంలో ఏమున్నాయో తెలుసా? గొంతు, బ్లాక్‌బోర్డు పని, బోధనోపకరణాలు, క్రమశిక్షణ, సమయపాలన. పిల్లలు ఏం మాట్లాడారో రాసే గడి లేదు. ఆమె చేసిన మంచిపని ఏ గడిలోనూ పట్టలేదు. శిక్షణ గురించి నా బాధంతా ఈ ఒక్క కాగితం దగ్గరే ఉంది.

గుంపు అంటే అందరూ సమానంగా మాట్లాడతారని అనుకోవద్దు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ కోహెన్ అనే పరిశోధకురాలు చూపించింది ఇదే. తరగతిలో ఎవరికి పేరుందో వాళ్ళే గుంపులోనూ మాట్లాడతారు, మాట్లాడినవాళ్ళే నేర్చుకుంటారు. మన దగ్గర ఆ పేరు ఎక్కడినుంచి వస్తుందో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు వచ్చిన పిల్ల, మంచి బట్టలు వేసుకున్న పిల్ల, ఫలానా కులం పిల్ల. టీచరు కల్పించుకోకపోతే గ్రూప్ వర్క్ ఈ అంతరాలను ఇంకా పెంచుతుంది. 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఇదే చిక్కు వచ్చింది. అంతవరకు వేరువేరుగా చదువుకున్న తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే తరగతిలో కలిపారు, గొడవలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. ఎవరి ముక్క వారికే తెలుసు. మిగతావాళ్ళు అది వినకపోతే పాఠం పూర్తికాదు. ఎవరిని వెక్కిరించారో వాళ్ళ మాటే ఇప్పుడు వినాలి. జిగ్‌సా అని మన బీఈడీ పుస్తకాల్లో రెండు మార్కుల ప్రశ్నగా ఉన్నది ఇదే. దాని వెనక ఉన్న ఈ కథ పుస్తకంలో లేకపోతే అది రెండు మార్కులకే పనికొస్తుంది.

చెన్నైకి ఇందులో రెండో అధ్యాయం కూడా ఉంది, అది తెలుగు నేల మీదనుంచి వచ్చింది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బళ్ళ కోసం తెలుగులో కార్డులు, నిచ్చెనలాంటి ఒక పటం తయారుచేశారు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుందో ఆ పిల్లకే తెలుస్తుంది, ఎవరి వేగం వారిది. 2003లో చెన్నై కార్పొరేషన్ కమిషనర్ విజయకుమార్ గారి చొరవతో ఇక్కడి టీచర్లు అక్కడికి వెళ్ళి చూసి వచ్చారు. 13 కార్పొరేషన్ బళ్ళలో మొదలుపెట్టారు, 2007-08 నాటికి రాష్ట్రమంతా ప్రభుత్వ ప్రైమరీ బళ్ళకు అది చేరింది. మీలో కొందరు ఆ కార్డులతో పనిచేసి ఉంటారు. కొన్ని కార్డులు టీచరుతో, కొన్ని పక్కపిల్లలతో, కొన్ని ఒంటరిగా చేయాలి. నల్లబల్ల కూడా పిల్లల ఎత్తుకు దిగింది.

మొదట చేరిన టీచర్లు పల్లెబడిలో నేలమీద కూర్చుని పిల్లలను చూసి నేర్చుకున్నారు. తర్వాత లక్షల మందికి అందించాలంటే పైనుంచి కిందికి దిగే శిక్షణ తప్పలేదు. రాష్ట్ర స్థాయిలో విన్నవారు జిల్లాకు, జిల్లావారు బ్లాకుకు, అక్కడివారు బడికి. మెట్టు మెట్టుకూ మాడ్యూల్ దిగుతుంది, చూసిన అనుభవం దిగదు. ఇది ఒక్క తమిళనాడు సంగతి కాదు. ఏసీ హాల్లో రెండువందల మంది టీచర్లను వరుసగా కూర్చోబెట్టి, ‘పిల్లలను వరుసగా కూర్చోబెట్టకూడదు’ అని మూడు గంటలు పీపీటీ చూపించే శిక్షణలకు మనమంతా వెళ్ళినవాళ్ళమే. అమెరికన్ సమాజశాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లోనే చెప్పాడు: టీచరు కాబోయే మనిషి పిల్లగా ఉన్నప్పుడే వేల గంటలు టీచర్లను చూస్తూ గడుపుతాడు, చూసినదే రేపు చేస్తాడు. ఆ వేల గంటల అలవాటును మూడు గంటల ఉపన్యాసం మారుస్తుందా? 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు శిక్షణ పొందాలంటోంది. ఆ 50 గంటలూ వినడానికే పోతే ఎన్ని పెంచినా ఒకటే.

సైదాపేట ట్రైనింగ్ కాలేజీ మీకు తెలుసు. 1856లో నార్మల్ స్కూలుగా మొదలై, తర్వాత సైదాపేటకు మారింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రెసిడెన్సీ కాలేజీ ఉద్యోగంలో ఉండగానే 1910లో ఎల్.టి. అనే టీచర్ ట్రైనింగ్ పట్టా కోసం అక్కడ చేరారు. ఆయన తత్వశాస్త్రం చదివి వచ్చినవారని, అక్కడి మాస్టారు తోటి ట్రైనీలకు సైకాలజీ పాఠాలు చెప్పమన్నారు. రాధాకృష్ణన్ గారు చెప్పారు. ఆ పాఠాలే 1912లో పుస్తకమయ్యాయి. సెప్టెంబరు 5న దండలు వేసేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పుకుంటే బాగుంటుంది. ట్రైనీని బెంచీలో కూర్చోబెట్టకుండా తోటివారి ముందు నిలబెట్టిన ఆ మాస్టారిని నేను మనసారా గౌరవిస్తాను.

జపాన్‌లో టీచర్లు దీన్ని ఏడాది పొడుగునా చేస్తారు. కొందరు కలిసి ఒక్క పాఠాన్ని వారాల తరబడి తయారుచేస్తారు. ఒకరు చెబుతారు, మిగిలినవారు పిల్లల పక్కన చేరి, వాళ్ళు ఎక్కడ తడబడ్డారో, ఏమన్నారో రాసుకుంటారు. సాయంత్రం కూర్చుని పాఠం గురించి మాట్లాడతారు. చెప్పిన మనిషి గొంతు గురించీ, చీర గురించీ కాదు. స్టిగ్లర్, హీబర్ట్ అనే అమెరికన్ పరిశోధకులు 1999లో రాశాక ఇది ప్రపంచానికి తెలిసింది. ఆంధ్రాలో 1980లలో బ్రిటిష్ సాయంతో నడిచిన ప్రైమరీ విద్యా ప్రాజెక్టులో పనిచేసినవాళ్ళకు ఇది పూర్తిగా కొత్తగా ఉండదు. టీచర్ సెంటర్లలో చుట్టుపక్కల బళ్ళవాళ్ళు కలిసి కూర్చునేవారు.

ఇప్పుడు మన సంగతికొస్తాను. చెన్నైలో చాలా బళ్ళలో తెలుగు టీచరు ఒక్కరే. స్టాఫ్‌రూంలో లెక్కల టీచర్లు ముగ్గురుంటే వాళ్ళు మాట్లాడుకుంటారు. ‘నా పిల్లలు వత్తులు ఎగరగొట్టేస్తున్నారు, ఏం చేద్దాం’ అని మీరు ఎవరితో అంటారు? పక్కన తమిళ టీచరుంటే ఆవిడకు ఆ చిక్కు అర్థంకాదు. పిల్లలు కలిసి నేర్చుకోవాలని చెప్పే మనమే ఇలా ఒంటరిగా మిగిలిపోయాం. పోనీ, ఒంటరిగా ఉన్నవాళ్ళమే ముందు మొదలుపెడదాం.

దీనికి సర్కారు ఉత్తర్వు అక్కర్లేదు. దగ్గరదగ్గరి బళ్ళవాళ్ళు ముగ్గురు చాలు. నాలుగో తరగతిలో ప-బ తేడా మీద ఒక్క పాఠం కలిసి రాసుకోండి. పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టండి. బాగా వచ్చిన పిల్లచేతే ఎప్పుడూ చెప్పించకండి, వంతులు మార్చండి. ఒకరు పాఠం చెప్పేటప్పుడు మిగతా ఇద్దరూ ఒక్కో జంట పక్కన కూర్చుని, పిల్లలన్న మాటలు అన్నవి అన్నట్టుగా రాసుకోండి. హెచ్ఎంలను అడిగి ఆ ఒక్క పీరియడ్‌కు అనుమతి తెచ్చుకోవడం మీవల్ల అవుతుంది. ఇబ్బందయితే నాతో చెప్పండి, నేను వచ్చి మాట్లాడతాను.

వచ్చే నెల రెండో శనివారం ఉదయం మళ్ళీ ఇక్కడే కూర్చుందాం. లెసన్ ప్లాన్ ఫైళ్ళు, ఫొటోలు తేవద్దు. పిల్లల మాటలు రాసుకున్న కాగితాలు చాలు. బీఈడీ విద్యార్థులూ రండి. అబ్జర్వేషన్ ఫారంలో ఏ గడులుండాలో ఆ కాగితాలు చూసి ఆ రోజే తేల్చుకుందాం.